ఇంట్లో ఇంజను విప్పిన కుర్రవాడు: జి.డి. నాయుడు



గరాచర్మలో వాన తెరిపి ఇచ్చిన ఆదివారం ఉదయం క్వార్టర్ల మధ్య అలా నడిచి చూడండి. ఏదో ఒక ఇంటి ముందు బానెట్ ఎత్తిన కారో, స్టాండు వేసి విప్పిన స్కూటరో కనిపిస్తుంది. నాన్న చేతిలో పానా, పక్కన పాత బనియను గుడ్డ పట్టుకుని పిల్లవాడు, నేల మీద పరిచిన పాత పేపరు. మన దగ్గర ఇది మామూలు దృశ్యమే. ఎందుకంటే మన బండ్లు కూడా మనలాగే బదిలీ మీద వచ్చినవి. చెన్నై నుంచో, విశాఖపట్నం నుంచో ఓడ ఎక్కి సముద్రం దాటి వచ్చాయి. ఇక్కడి ఉప్పు గాలికి వాటి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కావలసిన సామాను ఊళ్లో దొరక్కపోతే మళ్లీ ఓడ కోసం ఎదురుచూడాలి. అందుకే ఇక్కడ చాలామంది, అలవాటు లేకపోయినా, తామే బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూడడం మొదలుపెడతారు.

అలా తొంగి చూసినవాళ్లందరికీ మొదట కలిగేది భయమే. ఇన్ని గొట్టాలు, ఇన్ని తీగలు! ఒకటి ఊడదీస్తే మళ్లీ బిగించగలమా అన్న సందేహం. నూరేళ్ల కిందట కోయంబత్తూరు దగ్గరి ఒక పల్లెటూరి కుర్రవాడికి కూడా ఈ సందేహం వచ్చే ఉంటుంది. అయినా అతడు విప్పాడు. ఆయనే జి.డి. నాయుడు. ఈసారి పత్రికకు ఆయన జీవితం రాయాలని మేము అనుకున్నది అందుకే.

పుట్టుక, బాల్యం

నాయుడుగారి పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ అనే గ్రామంలో పుట్టారు. తండ్రి గోపాలస్వామి వ్యవసాయదారుడు. తల్లి ఆయన చిన్నతనంలోనే పోయింది. వారిది తెలుగు మాట్లాడే కుటుంబం. కోయంబత్తూరు ప్రాంతంలో ఇలాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ల పూర్వీకులు కొన్ని వందల ఏళ్ల కిందటే తెలుగు నేల నుంచి తమిళ దేశానికి వెళ్లి నల్లరేగడి భూముల్లో స్థిరపడ్డారు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఇది మీకు కొత్త కాదు. మన బడి ఆవరణలో హిందీ, బజారులో హిందీ బెంగాలీ తమిళం, ఇంటికి వెళ్లాక అమ్మతో తెలుగు మాట్లాడే పిల్లలు ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఉన్నారు. ఊరు మారినా ఇంటి భాష మారనక్కరలేదని ఆ కుటుంబాలు తరతరాలుగా చూపిస్తున్నాయి.

ఇక చదువు సంగతి. ఇక్కడ మేము కాస్త ఇబ్బంది పడుతున్నాం. ఎందుకంటే దొరైస్వామికి బడి అంటే గిట్టేది కాదు. తరగతిలో కూర్చోవడమే కష్టంగా ఉండేది. పంతుళ్ల మీదికి ఇసుక విసిరి దెబ్బలు తిన్న రోజులు ఎన్నో ఉన్నాయని ఆయన జీవితం రాసినవాళ్లందరూ చెబుతారు. ప్రాథమిక తరగతులు దాటకుండానే బడి మానేశాడు. పంతులు పని చేస్తూ ఈ సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు కాబట్టి చెబుతున్నాం. మీరు మాత్రం ఇసుక జోలికి పోకండి! కాని ఒకటి గమనించండి. బడి వదిలినవాడు చదువు వదలలేదు. తమిళ పుస్తకాలు తనంతట తానే చదువుకున్నాడు. పొలం పనులు చేసుకుంటూనే చేతికి దొరికిన కాగితమల్లా చదివాడు.

మోటారు సైకిలు

ఆ రోజుల్లో పల్లెల్లో కదిలేవి ఎద్దుబండ్లే. ఒకనాడు ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారు సైకిలు మీద వచ్చాడు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ బండి. ఎద్దులు లేవు, గుర్రం లేదు, తొక్కే పనీ లేదు, అయినా పరుగెత్తుతోంది. యువకుడైన దొరైస్వామి కళ్లు దాని చక్రాల మీద కాదు, చక్రాల మధ్య చప్పుడు చేస్తున్న ఇనుప దిమ్మ మీద నిలిచాయి. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే విప్పాలి. విప్పాలంటే అది తనదై ఉండాలి. పరాయి వాళ్ల బండి విప్పనిస్తారా?

అందుకని ఊరు వదిలి కోయంబత్తూరు చేరాడు. ఒక హోటలులో సర్వరుగా కుదిరాడు. ప్లేట్లు అందించాడు, బల్లలు తుడిచాడు. జీతంలో ఖర్చులు తగ్గించుకుని కొద్దికొద్దిగా కూడబెట్టాడు. తగినంత సొమ్ము చేరాక మోటారు సైకిలు కొన్నాడు. ఎక్కి ఊరంతా తిరుగుతాడని ఎవరైనా అనుకుంటారు. అతడు చేసింది వేరు. బండిని నట్టు నట్టుగా ఊడదీశాడు. ప్రతి భాగాన్నీ పరిశీలించి, మళ్లీ బిగించాడు. అతడికి గురువు లేడు. పనిచేసి చూపించే షెడ్డు లేదు. గురువూ, పాఠ్యపుస్తకమూ ఆ బండే.

ఆ ఇనుప దిమ్మలో ఏముంది?

ఇక్కడ కాస్త ఆగి, అతడికి ఆ బండిలో కనిపించినదేమిటో మనమూ చూద్దాం. ఆనాటి రడ్జ్ బండ్లకు ఒకే సిలిండరు. సిలిండరు అంటే ఒక గట్టి ఇనుప గొట్టం. అందులో పైకీ కిందికీ ఆడేది పిస్టన్. పిస్టన్‌కు నాలుగు పనులు. మొదటిది పీల్చడం: కిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోపలికి లాగుతుంది. రెండోది నొక్కడం: పైకి వస్తూ ఆ గాలిని బిగించి కుదిస్తుంది. మూడోది మండడం: స్పార్క్ ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుట్టి, కుదించిన గాలి భగ్గున మండి, పిస్టన్‌ను బలంగా కిందికి తోస్తుంది. బండి నడిచే బలమంతా ఈ ఒక్క తోపులోదే. నాలుగోది వదలడం: పిస్టన్ మళ్లీ పైకి వచ్చి పొగను బయటికి నెట్టేస్తుంది. ఈ నాలుగు పనులు పూర్తయ్యేసరికి కింద ఉన్న క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది. ఈనాటి మీ ఇంటి పెట్రోలు కారులోనూ సాధారణంగా ఇవే నాలుగు పనులు జరుగుతాయి. సిలిండర్లు మూడో నాలుగో ఉంటాయి, కార్బ్యురేటరు బదులు కంప్యూటరు చెప్పినంత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఉంటాయి. అంతే తేడా.

ఇంజను నడవాలంటే గాలి కావాలి, పెట్రోలు కావాలి, నిప్పురవ్వ కావాలి, లోపల బిగువు కావాలి. బండి మొరాయిస్తే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లోపించిందన్నమాట. ఈ సంగతి తెలియనివాడు బండిని తిట్టుకుంటాడు. తెలిసినవాడు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాడు. ఆ కుర్రవాడు బండి విప్పి సంపాదించినది ఈ వరుస.

విప్పడం కన్నా బిగించడం కష్టం. ఊడదీసేటప్పుడు బలం ఉంటే చాలు. బిగించేటప్పుడు జ్ఞాపకం కావాలి. ఏ బోల్టు ఏ రంధ్రానిది, ఏ వాషరు దేని కిందిది అన్నది తప్పితే ఇంజను లేవదు. అందుకే పనివాళ్లు తీసిన వరుసలోనే సామాను గుడ్డ మీద పేర్చుకుంటారు, తిరుగు వరుసలో బిగిస్తారు. మీలో చాలామందికి ఇది వేరే విధంగా తెలుసు. బదిలీ ఉత్తర్వు రాగానే ఇల్లంతా విప్పి అట్టపెట్టెల్లో సర్దుతాం. ఏ పెట్టెలో ఏముందో రాసిపెట్టుకుంటాం. కొత్త ఊళ్లో మళ్లీ ఇల్లు బిగిస్తాం. రాసిపెట్టుకోని పెట్టె దొరకడానికి ఎన్నాళ్లు పడుతుందో మాకూ అనుభవమే.

మెకానిక్ నుంచి బస్సుల యజమాని దాకా

బండి విప్పిన చేతులకు పని దొరికింది. దొరైస్వామి మెకానిక్ అయ్యాడు. మధ్యలో పత్తి వ్యాపారంలో దిగాడు. తిరుప్పూరులో సంపాదించినది బొంబాయి పత్తి బజారులో పోగొట్టుకున్నాడు. ఉత్త చేతులతో ఇంటికి తిరిగి వచ్చాడు. డబ్బు పోయింది గాని చేతిలోని పని పోలేదు.

1920లో ఒక బస్సు సంపాదించారు. పొల్లాచ్చి నుంచి పళని దాకా నడిపారు. డ్రైవరు వేరే ఎవరూ కాదు, తానే. దారిలో బండి ఆగితే దిగి బాగు చేసుకునేదీ తానే. ఆ కాలంలో మోటారు బస్సు అంటే జనానికి నమ్మకం తక్కువ. ఎప్పుడు బయలుదేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియదు. ఇంజను గుట్టు తెలిసిన మనిషి స్వయంగా నడిపే బస్సు మీద నమ్మకం కుదిరింది. ఒకటి రెండయింది, రెండు పదులయ్యాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే ఆ సంస్థ కొద్ది సంవత్సరాల్లోనే దేశంలో చక్కగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. హోటలులో ప్లేట్లు అందించిన కుర్రవాణ్ని ఇప్పుడు ఊరంతా నాయుడుగారు అనసాగింది.

విప్పే అలవాటు ఎక్కడిదాకా తీసుకువెళ్లింది?

నాయుడుగారి కంటపడిన వస్తువు విప్పకుండా మిగలలేదంటే అతిశయోక్తి కాదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి కోయంబత్తూరు పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో విద్యుత్ మోటారు తయారు చేయించారు. మన దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. అంతకుముందు మోటార్లు విదేశాల నుంచి ఓడల మీద రావలసిందే. తరువాతి కాలంలో కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు పుట్టినిల్లయింది. మన తెలుగు రైతుల బావుల దగ్గర ఉన్న పంపుసెట్ల మీద కూడా ఆ ఊరి పేరు కనబడుతుంది.

బ్యాటరీలతో నడిచే చిన్న మోటారు పెట్టి గడ్డం గీసుకునే రేజరు తయారు చేశారు. దాని పేరు రసాంట్. చాలా పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిను మంటతో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీలులేని ఓట్ల యంత్రం ఆయన చేసినవాటిలో కొన్ని. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. ధనవంతుల ఇళ్లలో మాత్రమే రేడియో మోగే రోజులవి.

ఫొటోగ్రఫీ అన్నా ఆయనకు ప్రాణం. 1936లో లండనులో అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో చిత్రించారు. గాంధీజీ, నెహ్రూ, సుభాష్ చంద్ర బోస్‌లను కూడా చిత్రించారు. 1943 డిసెంబరు 30న మన దీవుల్లో జెండా ఎగరేసిన నేతాజీయే ఈ బోస్ అని మీకు వేరే చెప్పనక్కరలేదు. పొలంలోనూ ఆయన ఊరుకోలేదు. మనిషిని మించి ఎదిగే పత్తి మొక్కల వంటివాటిని పెంచారు. సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి పెద్దలు ఆ తోట చూసి మెచ్చుకున్నారు.

రెండు ఓటములు

గొప్పవారి కథల్లో గెలుపులే రాయడం మాకు ఇష్టం లేదు. నాయుడుగారి జీవితంలో రెండు ఓటములు ఉన్నాయి.

మొదటిది చదువుకు సంబంధించినది. 1945లో ఆయన చొరవతో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కళాశాల వెలిసింది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు దానికి పెట్టారు. మూడో నాలుగో తరగతితో బడి మానిన మనిషి దానికి ప్రిన్సిపాలు! ఇంజనీరింగ్ చదువుకు నాలుగేళ్లు అక్కరలేదనీ, విద్యార్థి చేత పని చేయిస్తూ నేర్పితే రెండేళ్లు చాలుననీ ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. ఆ కళాశాల తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ఈనాటికీ నడుస్తోంది. అది మొదలైన చోటును పీలమేడులో జనం ఇప్పటికీ హోప్స్ కాలేజీ అనే పిలుస్తారు.

ఈ వాదన విషయంలో మాకు రెండు మనసులు. వంతెన కట్టేవాడికి లెక్కలు రావాలి, అది రెండేళ్లలో తేలే పని కాదేమో. కాని నాలుగేళ్లు చదివి ఒక్కసారైనా చేతికి నూనె అంటనివాడి గురించి నాయుడుగారు పడిన బాధ కూడా అబద్ధం కాదు. ఘర్షణ అనే పాఠం చెప్పి, పరీక్ష పెట్టి, మార్కులు వేసిన తరువాత ఆ విద్యార్థికే తన సైకిలు గొలుసుకు నూనె ఎందుకు వేయాలో తెలియని సందర్భాలు మా బడుల్లోనూ ఉన్నాయి. ఆ తప్పు పిల్లలది కాదు.

రెండో ఓటమి కారుది. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారైంది. ధర 2,000 రూపాయలు. అందులో ఒక మామూలు ఉద్యోగి కొనుక్కోగల కారు ఒకటి కంటి ముందుకు వచ్చింది. కాని ఆ రోజుల్లో పరిశ్రమ నడపాలంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. 1951 నాటి చట్టం అలా చెప్పింది. లైసెన్సు రాలేదు. కారు అక్కడే ఆగిపోయింది. ఇంజను మొరాయిస్తే విప్పి బాగు చేయగల మనిషి, కాగితం ఆగిపోతే ఏమీ చేయలేకపోయారు. మామూలు ఇళ్ల ముందుకు చిన్న కార్లు రావడానికి దేశం మరో ముప్పయ్యేళ్లు ఆగవలసి వచ్చింది.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన సేకరించిన వస్తువుల ప్రదర్శనశాల ఉంది. పాత కార్ల మ్యూజియం కూడా ఆ రోడ్డు మీదనే ఉంది. అదే రోడ్డు మీద 2025లో తెరిచిన 10 కిలోమీటర్ల పొడవైన పై వంతెనకు ఆయన పేరు పెట్టారు. సెలవుల్లో ఓడ దిగి చెన్నై మీదుగా వెళ్లేవాళ్లు వీలైతే చూసి రండి.

మీ ఇంటి ముందున్న బండి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాయుడుగారు తన ఇంటి దగ్గరి బండితోనే మొదలుపెట్టారు. మీరూ వచ్చే ఆదివారం అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని మొదలుపెట్టవచ్చు. ఒంటరిగా మాత్రం వద్దు. నడుస్తున్న ఇంజను దగ్గరికి చేతులు, చున్నీలు, జడలు పోనివ్వవద్దు.

బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి కొన్ని నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. నూనె రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు, అదీ చెడుపే. నీళ్లున్న రేడియేటరు మూత వేడి మీద ఎన్నడూ తీయకూడదు; మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. గాలి వడపోసే ఫిల్టరులో దుమ్ము, ఆకులు చేరాయేమో చూడండి.

మన దీవుల్లో ముఖ్యంగా చూడవలసినది బ్యాటరీ. ఉప్పు గాలికి, తేమకు దాని కొనల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటుంది. చాలాసార్లు బండి లేవకపోవడానికి ఇంజను కారణం కాదు, ఈ పొడే. పెద్దవాళ్లు మైనస్ తీగ ముందు తీసి, ప్లస్ తరువాత తీయాలి. శుభ్రం చేశాక ప్లస్ ముందు బిగించి, మైనస్ చివర బిగించాలి. ఆ పొడి ఒంటికి తగలకూడదు కాబట్టి చేతికి తొడుగు ఉండాలి. తీసిన పాత నూనెను మురుగు కాలువలో పోయకండి. గరాచర్మ కాలువలో పోసినది చివరికి సముద్రానికే చేరుతుంది. డబ్బాలో పట్టి వర్క్‌షాపులో ఇవ్వండి. తెలియని చోట ఆగిపోయి మెకానిక్‌ను పిలవడం చిన్నతనం కాదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ వేసి, ఏం చూశారో, ఏం మార్చారో, కిలోమీటర్లు ఎన్నో రాయండి. తెలుగులోనే రాయండి. నట్టును నట్టు అనీ, పానాను పానా అనీ రాస్తే చాలు. కష్టమైన మాటలు అక్కరలేదు. మళ్లీ బదిలీ అయి బండిని ఇక్కడే అమ్మేసి వెళ్లవలసి రావచ్చు. బండితో పాటు ఆ పుస్తకం కొన్నవాళ్లకు ఇవ్వండి. బండి వాళ్లది అవుతుంది, నేర్చుకున్న పని మీతోనే ఓడ ఎక్కుతుంది.